నీళ్ల ట్యాంకుకు కాపలా : చేత్తో ఒక సర్క్యూట్ బోర్డు

సైన్సు ఎగ్జిబిషన్ దగ్గర పడిందంటే పిల్లలు రాజమండ్రి బస్సెక్కుతారు. అక్కడి కొట్లలో సిద్ధంగా అమ్మే 'ప్రాజెక్టు' ఒకటి కొని తెచ్చి, అట్టపెట్టెకు రంగు కాగితం అంటించి బల్ల మీద పెడతారు. స్విచ్చి నొక్కితే బల్బు వెలుగుతుంది, బజర్ మోగుతుంది. ఎందుకు మోగిందని అడిగితే బట్టీ పట్టిన నాలుగు వాక్యాలు అప్పజెబుతారు. ఐదో వాక్యం అడిగితే పక్కవాడి మొహం చూస్తారు. తప్పు పిల్లలది కాదు. లోపల ఏముందో వాళ్లకు ఎవరూ విప్పి చూపించలేదు, విప్పితే పాడవుతుందని భయపెట్టారు కూడా.

ఈ వ్యాసంలో కొనకుండా, మొదటి నుంచి చివరి దాకా చేత్తో చేసే ఒక వస్తువు గురించి చెప్పదలిచాం. ఎనిమిదో తరగతి దాటిన పిల్లలతో ఆదివారాలు కూర్చుని మేము చేయించినదే ఇది. మేడ మీది నీళ్ల ట్యాంకు నిండితే బజర్ మోగిస్తుంది, అడుగంటితే ఎర్ర లైటు మినుకుమంటుంది. చూడడానికి చిన్న వస్తువు. కానీ రాగిరేకు మీద గీసే మొదటి గీత దగ్గర నుంచి చిప్పులోకి ఎక్కించే చివరి ఆజ్ఞ దాకా అన్నీ పిల్లల చేతి మీదుగానే జరుగుతాయి.

గోదావరి జిల్లా అనగానే కాలువలూ వరిచేలూ గుర్తుకొస్తాయి గానీ కోరుకొండ మెట్ట ప్రాంతం. (బయటి ఊళ్ల వారికి కోరుకొండ అంటే సైనిక్ స్కూలు గుర్తుకొస్తుంది. అది విజయనగరం జిల్లా కోరుకొండ. మాది నరసింహస్వామి కొండ ఉన్న కోరుకొండ.) బోరు వేసి, మోటారు పెట్టి పైకి ఎక్కించుకున్న నీళ్లు. మోటారు వేసి మరచిపోతే అవి గోడ వెంట కారిపోతాయి, వాటితో పాటు కరెంటు బిల్లూ. వుజూ నీళ్లలో కూడా పొదుపు పాటించాలని వింటూ పెరిగే పిల్లలకు ట్యాంకు పొర్లడం ఎందుకు తప్పో వేరే చెప్పనక్కర్లేదు. అందుకే ఈ వస్తువును ఎంచుకున్నాం.

ముందు బోర్డు సంగతి. పాడైన రేడియోనో రిమోటునో విప్పితే ఆకుపచ్చ పలక కనిపిస్తుంది. దాని మీద సన్నని దారులు ఉంటాయి. అవి తీగలే, కాకపోతే పలకకు అతుక్కుని ఉన్న రాగి తీగలు. ఆ రాగి మందం సాధారణంగా 35 మైక్రాన్లు, అంటే మన వెంట్రుకలో దాదాపు సగం. ఆస్ట్రియాలో పుట్టి ఇంగ్లండు చేరిన పాల్ ఐస్లర్ అనే ఇంజనీరు 1930ల చివర్లో ఈ పద్ధతిలో రేడియో చేసి చూపించాడు. ఆయన సూత్రం ఇప్పటికీ అదే: రేకంతా రాగి ఉన్న పలక తీసుకో, కావలసిన దారులను కప్పిపెట్టు, మిగతా రాగిని కరిగించెయ్. ఫోన్లోని బోర్డుకైనా, మా పిల్లలు మార్కరు పెన్నుతో గీసే బోర్డుకైనా పునాది ఇదే.

సామాను రేడియో, టీవీ విడిభాగాలు అమ్మే కొట్లలో దొరుకుతుంది. ఒకవైపు రాగి ఉన్న చిన్న పలక, ఏటీటైనీ 85 అనే చిప్పు, దాన్ని గుచ్చే ఎనిమిది కాళ్ల సాకెట్టు, ఒక ఎర్ర ఎల్‌ఈడీ, ఒక చిన్న బజర్, బీసీ 547 ట్రాన్సిస్టరు, 330 ఓంల రెసిస్టరు ఒకటి, 1 కిలో ఓం ఒకటి, 470 కిలో ఓంలవి రెండు, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరు ఒకటి, మూడు పెన్సిల్ సెల్లులు పట్టే డబ్బా. చిప్పు తప్ప మిగతావన్నీ చిల్లర ఖర్చు. సోల్డరింగ్ ఇనుము కాకుండా ఒక్కో బోర్డు మాకు మూడు వందల రూపాయల లోపే అయింది.

సెల్లులు ఎందుకు, పాత ఫోను చార్జరు సరిపోదా అని చాలామంది అడిగారు. సరిపోతుంది, కానీ వద్దు. ఈ బోర్డు నుంచి వెళ్లే తీగలు మనం చేతులు కడుక్కునే నీళ్లలో మునుగుతాయి. నాసిరకం చార్జరు లోపల పాడైతే 230 వోల్టులు ఆ నీళ్ల దాకా రావచ్చు. మూడు సెల్లుల 4.5 వోల్టులతో ఆ ప్రమాదమే లేదు. ఇదే కారణంతో మోటారును తనంతట తానే ఆపే ఏర్పాటు జోలికి మేం పోలేదు. స్టార్టరు పెట్టె ఎలక్ట్రీషియన్ పని, పిల్లల పని కాదు. బజర్ మోగితే ఎవరో ఒకరు లేచి వెళ్లి స్విచ్చి ఆపుతారు.

కాగితం మీద గీసుకోవడం దగ్గర పిల్లలు అందరికన్నా ఎక్కువసేపు ఆగుతారు, ఆగాలి కూడా. చిప్పుకు ఎనిమిది కాళ్లు. పైనుంచి చూస్తే ఒక మూల చిన్న చుక్క ఉంటుంది, అది ఒకటో కాలు. అక్కడి నుంచి గడియారం ముల్లుకు వ్యతిరేకంగా లెక్కపెట్టాలి. అయితే రాగి ఉన్నది పలకకు అడుగు వైపు. పలక తిప్పగానే ఎడమది కుడి అవుతుంది, లెక్క గడియారం ముల్లు తిరిగే వైపుకు మారుతుంది. అద్దంలో చూసినట్టన్నమాట. ఇక్కడ పొరబడితే బోర్డంతా తలకిందులే. ఉర్దూ కుడి నుంచి ఎడమకు, తెలుగు ఎడమ నుంచి కుడికి చదివే పిల్లలు ఈ తిరకాసును ఇట్టే పట్టేస్తారని మాకో అనుమానం, రుజువు మాత్రం లేదు.

దారులు ఇవి. ఎనిమిదో కాలు సెల్లుల ప్లస్సుకు, నాలుగో కాలు మైనస్సుకు, ఆ రెంటి మధ్య 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరు. ఐదో కాలు నుంచి 330 ఓంల మీదుగా ఎల్‌ఈడీ, అక్కడి నుంచి మైనస్సు. ఆరో కాలు నుంచి 1 కిలో ఓం మీదుగా ట్రాన్సిస్టరు బేసు. ఎమిటరు మైనస్సుకు, కలెక్టరు బజరుకు, బజర్ రెండో కొస ప్లస్సుకు. ఏడో కాలు నుంచి ట్యాంకులోని ఉమ్మడి కడ్డీకి ఒక తీగ. రెండో కాలుకు కింది కడ్డీ, మూడో కాలుకు పై కడ్డీ. ఈ రెండు కాళ్ల నుంచి మైనస్సుకు చెరొక 470 కిలో ఓంలు. ఒకటో కాలును అలాగే వదిలేయాలి.

ఆ 330 ఎక్కడి నుంచి వచ్చిందో పదో తరగతి పిల్లలు తామే తేల్చగలరు. సెల్లులు 4.5 వోల్టులు, ఎర్ర ఎల్‌ఈడీ దాదాపు 2 వోల్టులు తీసుకుంటుంది. మిగిలిన 2.5ను 330తో భాగిస్తే 0.0076 ఆంపియర్లు, అంటే ఏడున్నర మిల్లీ ఆంపియర్లు. లైటు కనబడడానికి అది చాలు, చిప్పుకు భారమూ కాదు. ఓమ్ నియమాన్ని పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగా రాసిన పిల్లాడు దాన్ని ఇలా వాడుకున్న రోజున మొహంలో వచ్చే వెలుగు వేరు.

చిప్పు కాళ్ల మధ్య దూరం 2.54 మిల్లీమీటర్లు, అంటే అంగుళంలో పదో వంతు. స్కేలుతో అది కుదరదు. చిల్లులున్న జీరో బోర్డు ముక్కను రాగి మీద ఆనించి, ఆ చిల్లుల గుండా సన్నని మేకుతో గుర్తులు పెడితే దూరాలు వాటంతటవే సరిపోతాయి. రాగిని ముందే గిన్నెలు తోమే స్క్రబ్బరుతో, సబ్బుతో మెరిసేలా తోమాలి. తర్వాత వేలు తగలనివ్వకూడదు. వేలి జిడ్డు ఉన్నచోట సిరా నిలవదు. పర్మనెంటు మార్కరుతో దారులు గీసి, ఆరాక మళ్లీ ఒకసారి దిద్దాలి.

ఇక కరిగించడం. ఫెర్రిక్ క్లోరైడ్ పొడిని గోరువెచ్చని నీళ్లలో కొద్దికొద్దిగా కలపాలి. నీళ్లలో పొడి వేయాలే గాని పొడి మీద నీళ్లు పోయకూడదు. ఒక్కసారిగా వేడెక్కి చిందుతుంది. గిన్నె ప్లాస్టిక్‌దే కావాలి. అల్యూమినియం గిన్నె అయితే బోర్డు కంటే ముందు గిన్నె పోతుంది. చేతులకు గ్లోవ్సు, కళ్లకు అద్దాలు, ఆరుబయట చోటు తప్పనిసరి. బట్టల మీద పడితే ఆ తుప్పు మరక పోదని ముందే చెప్పండి, లేకపోతే తల్లుల నుంచి మాట పడేది మాస్టార్లే.

పలకను ఆ ద్రావణంలో ముంచి గిన్నెను ఉయ్యాలలా మెల్లగా ఊపుతూ ఉంటే అరగంట లోపల సిరా లేని చోట రాగి మాయమవుతుంది. మాయం కావడమంటే ఎక్కడికీ పోలేదు. ఫెర్రిక్ క్లోరైడ్ ఫెర్రస్ క్లోరైడుగా మారింది, రాగి కాపర్ క్లోరైడై నీళ్లలో కలిసింది. రసాయన చర్యల పాఠంలో చదివిన ఆక్సీకరణం, క్షయకరణం కళ్ల ముందే జరుగుతున్నాయి.

నీళ్లలో కలిసింది అన్నాం. అసలు బాధ్యత అక్కడ మొదలవుతుంది. రాగి ఉప్పు చేపలకు విషం. మన దిగువన కాలువ నీళ్లు తాగే ఊళ్లున్నాయి, చేపల చెరువులున్నాయి. కాబట్టి వాడేసిన ద్రావణాన్ని మురుగులోగాని, పంటకాలువలోగాని పోయకూడదు. ఒకసారి కలిపినది చాలా బోర్డులకు వస్తుంది, మూత బిగించి, పేరు రాసి, తాళంలో దాచాలి. ఇక పనికి రాదనుకున్నప్పుడు చాకలిసోడా కొంచెం కొంచెంగా వేస్తే పొంగుతుంది. పొంగడం ఆగేదాకా వేసి వదిలేస్తే మడ్డి అడుక్కి దిగుతుంది. పైన తేరిన నీటిని ప్లాస్టిక్ తొట్టెలోనే ఎండకు ఆవిరి కానిచ్చి, మడ్డినంతా సిమెంటులో కలిపి ముద్ద చేసి పక్కన పెట్టించాం. నీళ్లు కాపాడడానికి చేసే వస్తువు నీళ్లనే పాడుచేస్తే ఎలా అని పిల్లలే అన్నారు.

టంకం గురించి ఎక్కువ చెప్పం, అది చూసి నేర్చుకోవలసింది. 25 వాట్ల ఇనుము చాలు. ఇనుమును కాలికీ రాగికీ కలిపి ఆనించి, రెండూ వేడెక్కాక తీగ అందించాలి. దాదాపు 190 డిగ్రీల దగ్గర కరిగి పారుతుంది. మంచి అతుకు మన నరసింహస్వామి కొండలా, కింద వెడల్పుగా, పైకి వాలుగా ఉంటుంది. బఠాణీ గింజలా గుండ్రంగా నిలబడితే లోపల అంటుకోలేదని అర్థం. ఈ తీగలో సీసం ఉంటుంది కనుక చేతులు కడుక్కోకుండా ఏదీ తినకూడదు. బోర్డు మీద సాకెట్టునే అతకాలి. చిప్పును తర్వాత గుచ్చుతాం.

ఎందుకంటే చిప్పు ఇంకా ఖాళీ. దానికి పని చెప్పాలి.

పని చెప్పడమనే ఈ విద్యకు మూలపురుషుల్లో ఒకరు తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాదులో పనిచేసిన అల్ ఖ్వారిజ్మీ. మన దేశపు అంకెలతో లెక్కలు చేసే తీరును ఆయన అంచెలంచెలుగా రాసి పెట్టారు. ఆయన పేరే లాటిన్ నోళ్లలో నలిగి అల్గారిథం అయింది. ఆయన గ్రంథం పేరులోని 'అల్ జబ్ర్' ఆల్జీబ్రా అయింది. ఆయన పేరు మన సభల్లో తరచుగా వినిపిస్తుంది. ఆయన పద్ధతి మాత్రం మన పిల్లల చేతికి అంత తరచుగా రావడం లేదు. మేం కంప్యూటరు ముట్టుకోక ముందే నోటుపుస్తకంలో తెలుగులో రాయించాం:

ఉమ్మడి కడ్డీకి కరెంటు ఇవ్వు.
కింది కడ్డీ తడిసిందా, పై కడ్డీ తడిసిందా చూడు.
ఉమ్మడి కడ్డీకి కరెంటు తీసెయ్.
పై కడ్డీ తడిస్తే బజర్ మోగించు.
కింది కడ్డీ పొడిగా ఉంటే ఎర్ర లైటు ఒకసారి మినుకుమనిపించు.
రెండు సెకన్లు ఆగు.
మళ్లీ మొదటికి పో.

కరెంటు ఇచ్చి వెంటనే తీసెయ్యడం దేనికి? ఎప్పుడూ ఇచ్చే ఉంచితే నీళ్లలో విద్యుద్విశ్లేషణ జరిగి ప్లస్సు కడ్డీ కొద్దికొద్దిగా తినేసుకుపోతుంది. రెండు సెకన్లకొకసారి పది మిల్లీసెకన్లు మాత్రమే ఇస్తే ఆ అరుగుదల దాదాపు రెండు వందల వంతుకు తగ్గుతుంది. అందుకే కడ్డీలకు రాగి తీగ కాకుండా తుప్పు పట్టని స్టీలు స్క్రూలు వాడాం. ఆ మూడింటినీ ఒక పీవీసీ గొట్టానికి బిగించి ట్యాంకులోకి దింపాలి: ఉమ్మడిది దాదాపు అడుగున, కిందిది పావు ఎత్తులో, పైది అంచుకు నాలుగు వేళ్లు కింద.

ఆ ఏడు వాక్యాలు చదివాక తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె లేచి, "ట్యాంకు నిండే ఉంటే ఇది రాత్రంతా మోగుతానే ఉంటదా మాస్టారండీ?" అంది. ఉంటుంది. చిప్పుకు జ్ఞాపకం లేదు కనుక రెండు సెకన్లకొకసారి కొత్తగా నిండినట్టే అనుకుంటుంది. దానికి జ్ఞాపకం ఇవ్వాలి. 'చెప్పాను' అనే పేరుతో ఒక గుర్తు పెట్టించాం. నిండినప్పుడు ఆ గుర్తు సున్నా అయితేనే నిమిషంపాటు మోగి, గుర్తును ఒకటి చెయ్యాలి. పై కడ్డీ పొడిబారినప్పుడే తిరిగి సున్నా. ప్రోగ్రామింగులో వేరియబుల్ అనే మాటకు ఇంతకన్నా మంచి పాఠం మాకు దొరకలేదు.

బిగించాక మరొకటి బయటపడింది. పైపులోంచి నీళ్లు పడేటప్పుడు ట్యాంకులో అలలు లేస్తాయి. ఒక అల తగలగానే నిండకుండానే బజర్ మోగింది. వరుసగా మూడుసార్లు తడిగా కనబడితేనే నిండినట్టు, మూడుసార్లు పొడిగా కనబడితేనే దిగినట్టు అని మార్చారు. ఒక్క సాక్షి మాట నమ్మవద్దని చిప్పుకు నేర్పడమే ఇది. ఇంకో కుర్రాడు పై కడ్డీ తడిగా, కింది కడ్డీ పొడిగా కనబడితే ఏం చెయ్యాలన్నాడు. అలా జరగదు కదా అని మిగతావాళ్లు నవ్వారు. నీళ్లలో జరగదు, నిజమే. కింది కడ్డీ తీగ తెగితే జరుగుతుంది. అప్పుడు లైటు గబగబా కొట్టుకోవాలని ఒక వాక్యం చేర్చారు. జరగకూడనిది జరిగితే ఏమిటన్న ప్రశ్న వేసినవాడే రేపు మంచి మెకానిక్కు అవుతాడు.

తెలుగు వాక్యాలు కుదిరాకే ఆర్డుఇనో భాషలోకి. ఆర్డుఇనో 2005లో ఇటలీలోని ఇవ్రేయా పట్టణంలో, ఇంజనీర్లు కాని విద్యార్థుల కోసం పుట్టింది. పేరు అక్కడి పాత రాజుది. దాని మాటలు నాలుగైదు వస్తే మన పని జరిగిపోతుంది. కాలును ఇచ్చేదిగానో పుచ్చుకునేదిగానో నిర్ణయించేది పిన్‌మోడ్, కరెంటు ఇచ్చి తీసేది డిజిటల్‌రైట్, తడి పొడి చూసేది డిజిటల్‌రీడ్, ఆగేది డిలే, అయితే గియితేలకు ఇఫ్.

చిప్పులోకి ఎక్కించడానికి ఒక్క ఊనో బోర్డు క్లాసంతటికీ చాలు. ఊనోలోకి ముందు 'ఆర్డుఇనో యాజ్ ఐఎస్‌పీ' అనే ఉదాహరణను ఎక్కించి, దాని రీసెట్టుకూ గ్రౌండుకూ మధ్య 10 మైక్రోఫారడ్ కెపాసిటరు పెట్టాలి, ప్లస్సు కొస రీసెట్టు వైపు. తర్వాత బ్రెడ్‌బోర్డు మీద చిప్పు గుచ్చి ఊనో 10ని ఒకటో కాలుకు, 11ని ఐదుకు, 12ని ఆరుకు, 13ని ఏడుకు, 5 వోల్టులను ఎనిమిదికి, గ్రౌండును నాలుగుకు కలపాలి. సాఫ్ట్‌వేరులో ఏటీటైనీ చిప్పుల మద్దతును విడిగా చేర్చుకుని, వేగం 1 మెగాహెర్ట్జ్ ఎంచి, 'అప్‌లోడ్ యూజింగ్ ప్రోగ్రామర్' నొక్కాలి. కొత్త చిప్పు వచ్చేదే ఆ వేగంతో. పొరపాటున 8 ఎంచితే రెండు సెకన్లు పదహారు సెకన్లవుతాయి. పిల్లల చేత కావాలనే ఒకసారి అలా చేయించి చూపిస్తే వేగం అంటే ఏమిటో అర్థమవుతుంది. చిప్పులో ప్రోగ్రాముకున్న చోటు 8 కిలోబైట్లే. తెలుగులో ఒక్కో అక్షర చిహ్నానికి మూడు బైట్లు పడతాయి కనుక ఈ వ్యాసం అందులో పావు వంతు కూడా పట్టదు. ట్యాంకు కాపలాకు మాత్రం పుష్కలం.

చిప్పును ఊడదీసి బోర్డు సాకెట్టులో గుచ్చి, సెల్లులు వేస్తే అయిపోయింది. కప్పులో నీళ్లు పోసి మూడు తీగలు ముంచి చూశాకే మేడ ఎక్కాలి.

ఇదంతా ఆదివారం కాలక్షేపం అనుకునే పెద్దలకు ఒక మాట. 2016లో మొదలైన అటల్ టింకరింగ్ ల్యాబుల పథకంలో ఎంపికైన బడికి 20 లక్షల రూపాయల వరకు వస్తుంది. వచ్చే ఐదేళ్లలో ప్రభుత్వ పాఠశాలల్లో 50,000 ల్యాబులు పెడతామని 2025 కేంద్ర బడ్జెట్టులో ప్రకటించారు. రానివ్వండి, సంతోషం. కానీ ల్యాబు వచ్చినా సామాను బీరువాలో తాళం వేసి ఉంటే ఒకటే. ఓటింగు యంత్రాలు తయారుచేసే రెండు సంస్థల్లో ఒకటైన ఈసీఐఎల్ 1967 నుంచి హైదరాబాదులో ఉంది. మన రాష్ట్రంలోనే శ్రీసిటీలో 2015 నుంచి ఫోన్లు బిగిస్తున్నారు. అక్కడ పనిచేసేవారిలో ఎక్కువమంది ఆడపిల్లలే. అంటే బోర్డు పని ఆడపిల్లలకు తగదన్న మాటకు ఇప్పుడు ఆధారం లేదు. ఇక గల్ఫుకు హెల్పరుగా వెళ్లేవాడి జీతానికీ టెక్నీషియనుగా వెళ్లేవాడి జీతానికీ తేడా ఎంతో ఈ సంచిక చదివే కుటుంబాలకు మేం చెప్పాలా?

రాత్రంతా మోగుతుందా అని అడిగిన ఆ అమ్మాయి ఇప్పుడు పదో తరగతి. పాలిసెట్ రాయించి డిప్లొమాలో చేర్పించాలా, ఇంట్లో ఉంచాలా అన్నది వాళ్లింట్లో ఇంకా తేలలేదు. వాళ్ల నాన్న ఒకరోజు వచ్చి ట్యాంకు కింద నిలబడి, బజర్ మోగేదాకా ఆగి, స్విచ్చి తానే ఆపి వెళ్లారు. ఏమీ అనలేదు. మేమూ అడగలేదు. పాలిసెట్ దరఖాస్తులు పడే నాటికి మళ్లీ కలుస్తాం.

ఈ ఏడాది చేరేవారికి సోల్డరింగ్ ఇనుములు నాలుగు ఉన్నాయి, ఊనో బోర్డు ఒకటి ఉంది. పనిచేసే పాత ల్యాప్‌టాపు ఎవరి ఇంట్లోనైనా మూలన పడి ఉంటే ఇప్పించండి. తెర పగిలినదైనా పరవాలేదు, వేరే తెర తగిలించుకుంటాం. బోర్డు ఇంటికి తీసుకువెళ్లిన పిల్లలు మాత్రం మూడు నెలలకొకసారి సెల్లులు మార్చి, స్క్రూల మీద పేరుకున్న పాచిని గుడ్డతో తుడవడం మరువకూడదు.